రూపాయిలో తొమ్మిది పైసలు: ఐటర్‌లో భారత్ వాటా మనకేం తెస్తుంది?

నకిరేకల్‌లో హైవే పక్కన ఒక వెల్డింగ్ దుకాణం ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు, ఇంటి గేట్లు, రేకుల షెడ్లు, ఏ పనైనా అక్కడే. మొన్న అసర్ తర్వాత అక్కడ కూర్చుని చాయ్ తాగుతుంటే, ఐటీఐ చదివి అక్కడే పని నేర్చుకుంటున్న మా అన్న కొడుకు ఫోను పట్టుకుని వచ్చాడు. "చాచా, మన దేశం భూమి మీదనే సూర్యుణ్ని తయారు చేస్తున్నదట గదా! అదొస్తే కరెంటు బిల్లే ఉండదట. నిజమేనా?"

నేను జవాబు చెప్పేలోపే పక్కన నిమ్మకాయల మార్కెట్ నుంచి వచ్చి కూర్చున్న పెద్దాయన అందుకున్నాడు. "సూర్యుడు అంటున్నవు గనీ అది అణు కర్మాగారమే గద. మన పెద్దగట్టు కాడ తవ్వుతమన్నరే, గసొంటిదేనా?" దుకాణం ఉస్తాద్ కళ్లద్దం పైకెత్తి తన మాట తను అన్నాడు. "అది ఎప్పుడొస్తదో ఎట్లొస్తదో మనకెందుకు భాయ్. దాంట్ల మన పొలగాళ్లకు పని ఉన్నదా లేదా, అది చెప్పు."

ముగ్గురి మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. ఫోనులో తిరిగే వీడియోల్లో వీటికి జవాబు దొరకదు. ఒక వీడియో "భారత్ సూర్యుణ్ని తయారు చేసింది" అంటుంది, ఇంకొకటి "వేల కోట్లు బూడిదపాలు" అంటుంది. అసలు సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అందుకే కొంచెం వివరంగా చూద్దాం.

ఐటర్ అంటే ఏమిటి?

ఫ్రాన్స్ దక్షిణాన కదరాష్ అనే చోట ఒక పెద్ద యంత్రం కడుతున్నారు. దాని పేరు ఐటర్. లాటిన్ భాషలో ఆ మాటకు దారి అని అర్థం, మన ఉర్దూలో రాస్తా. ఐరోపా కూటమి, భారత్, చైనా, జపాన్, దక్షిణ కొరియా, రష్యా, అమెరికా, ఈ ఏడుగురు సభ్యులు కలిసి దీన్ని కడుతున్నారు. ఐరోపా కూటమిలోని దేశాలను విడిగా లెక్కేస్తే 30కి పైగా దేశాలు ఇందులో ఉన్నట్టు.

ఇప్పుడున్న అణు విద్యుత్ కేంద్రాల్లో యురేనియం లాంటి బరువైన అణువును చీలుస్తారు. ఐటర్‌లో చేసేది దీనికి పూర్తిగా ఎదురు పని. హైడ్రోజన్ జాతికి చెందిన రెండు తేలిక అణువుల్ని ఒకదానితో ఒకటి కలుపుతారు. దీన్నే ఫ్యూజన్ అంటారు, తెలుగులో కేంద్రక సంలీనం. సూర్యుడి లోపల జరిగేది ఇదే. అయితే సూర్యుడికి ఉన్నంత బరువు, ఆ బరువు వల్ల పుట్టే ఒత్తిడి మన దగ్గర లేవు. అందుకని వేడి పెంచాలి. సూర్యుడి నడిమధ్యలో సుమారు కోటీ యాభై లక్షల డిగ్రీల వేడి ఉంటే, ఐటర్‌లో 15 కోట్ల డిగ్రీలు కావాలి. అంటే పదింతలు.

అంత వేడిని ఏ ఇనుప గిన్నె ఆపగలదు? ఏదీ ఆపలేదు. కాబట్టి ఆ వేడి వాయువును, అంటే ప్లాస్మాను, గోడలకు తగలకుండా అయస్కాంతాల బలంతో గాలిలో తేలుతున్నట్టు పట్టి ఉంచుతారు. గారె ఆకారంలో ఉండే ఈ యంత్రాన్ని టోకమాక్ అంటారు. ఇది రష్యన్ మాట. ఆ అయస్కాంతాలు పనిచేయాలంటే వాటిని మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచాలి. ఒకే యంత్రంలో కొన్ని మీటర్ల దూరంలో 15 కోట్ల డిగ్రీల వేడి ఒక పక్క, మైనస్ 269 డిగ్రీల చలి ఇంకో పక్క. కష్టమంతా ఇక్కడే ఉంది.

ఈ ఆలోచన పుట్టింది ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో. 1985 నవంబర్‌లో జెనీవాలో రీగన్, గోర్బచేవ్ కలిసినప్పుడు అమెరికా, సోవియట్ రష్యాలు కలిసి చేయదగ్గ పనుల్లో ఇదొకటి అనుకున్నారు. ఇప్పుడు ఉక్రెయిన్ యుద్ధం నడుస్తున్నా రష్యా తన వాటా సామాను పంపుతూనే ఉంది. గల్వాన్ లోయలో గొడవ తర్వాత కూడా భారత్, చైనా ఇంజినీర్లు అక్కడ ఒకే యంత్రం మీద పనిచేస్తున్నారు. ఈ రోజుల్లో ఇలాంటిది ఇంకోటి చూపించడం కష్టం.

మన వాటా ఎంత, ఎవరు చూస్తారు?

ఐటర్ కట్టే ఖర్చులో దాదాపు 45 శాతం ఐరోపాది, ఎందుకంటే యంత్రం వాళ్ల నేల మీద ఉంది. మిగతా ఆరు దేశాలు తలా సుమారు 9 శాతం. అంటే రూపాయి ఖర్చయితే మనది తొమ్మిది పైసలు.

ఇందులో తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ వాటాలో చాలా భాగం డబ్బుగా కాదు, వస్తువుగా ఇవ్వాలి. ప్రతి దేశమూ తన వంతు భాగాల్ని తన ఊళ్లో, తన కంపెనీల్లో తయారు చేయించి ఓడ మీద పంపాలి. దీనికోసం ఏడుగురు సభ్యులూ తలా ఒక జాతీయ సంస్థను పెట్టుకున్నారు. మన దేశంలో ఆ సంస్థ పేరు ఐటర్-ఇండియా. ఇది గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గరున్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ కింద, కేంద్ర అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో పనిచేస్తుంది. డిజైన్ చూడడం, టెండర్లు పిలవడం, కంపెనీల చేత చేయించడం, పరీక్షించడం, పంపడం, అక్కడ బిగించేదాకా వెంట ఉండడం, ఇదీ దాని డ్యూటీ.

ఈ ప్లాస్మా సంస్థ కూడా ఒక్కరోజులో పుట్టలేదు. శ్రీనగర్‌లో పుట్టిన ప్రొఫెసర్ ప్రధిమన్ కృష్ణ కౌ నాయకత్వంలో 1982లో ఒక చిన్న కార్యక్రమంగా మొదలైంది. 1989లో ఆదిత్య పేరుతో మన మొదటి టోకమాక్ పనిచేసింది. తర్వాత ఎస్ఎస్‌టీ-1 అనే ఇంకో యంత్రం కట్టారు, అందులో 2013లో తొలి ప్లాస్మా వచ్చింది. ఈ ఇంటి పునాది ఉంది కాబట్టే 2005 డిసెంబర్‌లో ఐటర్ సభ్యులు మనల్ని చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. 2006 నవంబర్ 21న పారిస్‌లో ఒప్పందం మీద భారత్ తరఫున అప్పటి అణుశక్తి సంఘం ఛైర్మన్ అనిల్ కకోద్కర్ సంతకం చేశారు.

ఆ తేదీలు గుర్తుపెట్టుకోవాలి. 1974 పోఖ్రాన్ పరీక్ష నుంచి మన దేశానికి అణు సాంకేతికత అమ్మడానికి చాలా దేశాల తలుపులు మూసుకున్నాయి. అణు సరఫరా దేశాల కూటమి మనకు మినహాయింపు ఇచ్చింది 2008లో. అంతకంటే ముందే ఐటర్‌లో మనం పూర్తి సభ్యులుగా కూర్చున్నాం. దౌత్యపరంగా అది చిన్న విషయం కాదు.

మనవాళ్లు చేసింది ఏమిటి?

మన వాటాలో అన్నిటికంటే పెద్ద వస్తువు క్రయోస్టాట్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు తెలిసిందే. ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెచ్చుకునే ఫ్లాస్కు లాంటిదే. ఫ్లాస్కులో రెండు గోడల మధ్య గాలి తీసేస్తారు కాబట్టి లోపలి వేడి బయటికి పోదు. ఇక్కడ యంత్రం మొత్తాన్ని గాలి తీసేసిన ఒక మహా పాత్రలో పెడతారు, బయటి వేడి లోపలి చలి అయస్కాంతాలను తాకకుండా. ఎత్తు సుమారు 29 మీటర్లు, వెడల్పు కూడా దాదాపు అంతే. అంటే ఎత్తులో చార్మినార్‌కు సగం, వెడల్పులో చార్మినార్ కంటే ఎక్కువ. బరువు 3,850 టన్నులు. మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు.

దీన్ని సూరత్ దగ్గర హజీరాలో ఎల్ అండ్ టీ కంపెనీ చేసింది. ఒప్పందం 2012లో కుదిరింది. ఇంత పెద్ద పాత్రను ఒకే ముక్కగా ఏ ఓడా మోయలేదు కాబట్టి 54 ముక్కలుగా చేసి పంపారు. ఐటర్ స్థలంలోనే ఒక వర్క్‌షాపు కట్టి, ఆ ముక్కల్ని అక్కడ మళ్లీ వెల్డింగ్ చేసి నాలుగు పెద్ద భాగాలుగా కలిపారు. 1,250 టన్నుల అడుగు భాగాన్ని 2020 మేలో, ప్రపంచమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజుల్లో, గుంతలోకి దించారు. మూత భాగాలు 2020 జూన్ చివర్లో హజీరా నుంచి బయలుదేరాయి.

ఇది మా దుకాణం ఉస్తాద్‌కు బాగా అర్థమయ్యే సంగతి. ట్రాలీకి వెల్డింగ్ పెట్టినప్పుడు అతుకు కొంచెం వంకరైనా సుత్తితో సరిచేసుకుంటాం. స్టీలు వేడికి లాగుతుంది, వంగుతుంది, ఇది ప్రతి వెల్డరుకూ తెలుసు. 29 మీటర్ల పాత్రలో ఆ వంపు మిల్లీమీటర్లలోనే ఉండాలి. ఎక్కడా సూది మోపినంత సందు కూడా ఉండొద్దు. ప్రతి అతుకునూ ఎక్స్‌రేతో, అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. తర్వాత హీలియం వాయువుతో లీకు పరీక్ష చేస్తారు. హీలియం ఎంత చిన్న సందులోనైనా దూరిపోతుంది, పరికరం దాన్ని పసిగడుతుంది. ఈ పరీక్ష పాస్ అయితేనే ఆ అతుకు అతుకు.

క్రయోస్టాట్ ఒక్కటే కాదు. రియాక్టర్ గోడల మధ్య అమర్చే దాదాపు 9,000 రక్షణ దిమ్మెలు బెంగళూరులోని అవసరాల టెక్నాలజీస్‌లో తయారయ్యాయి. హీలియంను గడ్డకట్టే చలిలో తీసుకెళ్లే పైపుల పనిలో గుజరాత్‌లోని ఐనాక్స్ ఇండియా ఉంది. యంత్రాన్ని చల్లబరిచే నీటి వ్యవస్థ, ప్లాస్మాను వేడి చేసే రేడియో తరంగాల పరికరాల్లో కొన్ని, పవర్ సప్లైలు కూడా మన వాటాలోనివే. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కలిసి ఈ స్థలాన్ని చూసి వచ్చారు.

మూత తయారై ఉంది, కుండ తయారు కాలేదు

ఇప్పుడు చేదు సంగతి. మన క్రయోస్టాట్ పై భాగాలు కదరాష్‌లో జాగ్రత్తగా చుట్టి పెట్టి ఉన్నాయి. ఎందుకంటే మూత పెట్టేది అన్నిటికంటే చివర, లోపల పెట్టాల్సిన సామాను ఇంకా పూర్తి కాలేదు.

ఒప్పందం జరిగిన రోజుల్లో 2016కల్లా తొలి ప్లాస్మా అన్నారు. తర్వాత 2019 అన్నారు. ఆ తర్వాత 2025 డిసెంబర్ అన్నారు. దగ్గరికి వచ్చేసరికి కొత్త చిక్కులు బయటపడ్డాయి. కొరియా నుంచి వచ్చిన వాక్యూమ్ పాత్ర ముక్కల అంచులు ఒకదానికొకటి సరిగ్గా కుదరలేదు. వేడి కవచాలకు అతికిన చల్లటి పైపుల్లో తుప్పు పట్టి పగుళ్లు కనిపించాయి. 2022 మొదట్లో ఫ్రాన్స్ అణు భద్రతా సంస్థ కూర్పు పనిని ఆపి లెక్కలు అడిగింది. బిగించిన భాగాన్ని కూడా బయటికి తీసి బాగుచేయాల్సి వచ్చింది.

2024 జులైలో ఐటర్ అధిపతి పియెత్రో బరబాస్కి కొత్త తేదీలు చెప్పారు. పరిశోధన మొదలయ్యేది 2034లో. అసలు ఇంధనంతో, అంటే డ్యుటీరియం, ట్రిటియంతో నడిపేది 2039లో. దీనికి ఇంకో 500 కోట్ల యూరోలు కావాలన్నారు. మొదట్లో కట్టడానికి 500 కోట్ల యూరోలు సరిపోతాయనుకున్న పని, అప్పటికే 2,000 కోట్ల యూరోలు దాటింది. మొత్తం పెరిగిందంటే మన తొమ్మిది పైసలూ పెరిగినట్టే. పార్లమెంటులో ఎవరైనా దీన్ని ప్రశ్నిస్తే దేశద్రోహం అనుకోవద్దు. ప్రజల సొమ్ము ఖర్చవుతున్న చోట అడగడమే ధర్మం.

మరి కరెంటు బిల్లు సంగతి?

మా అన్న కొడుకు మొదటి ప్రశ్నకు నేరుగా జవాబు: ఐటర్ నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా రాదు. అది కరెంటు తీసే ప్లాంటు కానే కాదు, ప్రయోగశాల. ప్లాస్మాలోకి 50 మెగావాట్ల వేడి పంపితే 500 మెగావాట్ల వేడి బయటికి రావాలి, అదీ 400 సెకన్ల పాటు. ఇది దాని లక్ష్యం. ఆ వేడిని కరెంటుగా మార్చే టర్బైన్ అక్కడ లేదు. పైగా అయస్కాంతాలకు, చలి యంత్రాలకు, పంపులకు అయ్యే కరెంటు ఖర్చు ఈ 50లో కలవదు, అది వేరే.

మన జిల్లాతో పోల్చి చూద్దాం. దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ ప్లాంటులో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు, అలాంటివి ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. అది చేతికొచ్చే కరెంటు లెక్క. ఐటర్ 500 మెగావాట్లు వేడి లెక్క. కరెంటుగా మారిస్తే అందులో మూడోవంతు చేతికి వస్తే గొప్ప. అంటే ఐటర్ అనుకున్నట్టే విజయవంతమైనా దామరచర్లలో ఒక యూనిట్‌కు పావు వంతు లెక్క కూడా కాదు.

ఇప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడిదాకా వచ్చారో కూడా చూడాలి. 2022 డిసెంబర్‌లో అమెరికా ప్రయోగశాలలో లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పంపితే 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. పేపర్లన్నీ పండగ చేశాయి. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి సుమారు 300 మెగాజౌళ్ల కరెంటు అయింది. బ్రిటన్‌లోని జెట్ టోకమాక్ 2023లో తన చివరి ప్రయోగాల్లో 69 మెగాజౌళ్ల రికార్డు పెట్టింది, కానీ పెట్టినదానికంటే వచ్చింది తక్కువే. 2025 ఫిబ్రవరిలో కదరాష్‌లోనే ఉన్న ఫ్రాన్స్ టోకమాక్ వెస్ట్ ప్లాస్మాను 1,337 సెకన్లు నిలబెట్టింది. అడుగులు ముందుకే పడుతున్నాయి, గమ్యం మాత్రం ఇంకా దూరమే.

మన ప్లాస్మా సంస్థ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రణాళికలో కూడా కరెంటు ఇచ్చే నమూనా ప్లాంటు 2060 ప్రాంతంలో అని ఉంది. ఇప్పుడు ఐటీఐ చదివిన పిల్లోడు అప్పటికి రిటైరయ్యే వయసులో ఉంటాడు. కాబట్టి ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకోవాలా, ఫ్యూజన్ వచ్చేదాకా ఆగాలా అని ఎవరికైనా సందేహం ఉంటే, ఆగొద్దు. పైనున్న సూర్యుడు ఇవాళ కూడా కరెంటు ఇస్తున్నాడు.

పెద్దగట్టు భయం

పెద్దాయన అడిగింది మన జిల్లా జ్ఞాపకం నుంచి వచ్చిన ప్రశ్న. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వాలని ప్రతిపాదన వచ్చినప్పుడు, 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు. మన రెండు నగరాలూ ఎన్నో పల్లెలూ తాగే నీళ్లు కదా అన్నది వాళ్ల బాధ. తర్వాత నల్లమలలో ఇదే మాట వస్తే 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర అసెంబ్లీ తవ్వొద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అసలే ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా మనది. "అణు" అన్న మాట వింటే ఉలిక్కిపడడంలో తప్పులేదు.

ఫ్యూజన్‌కు యురేనియం అక్కర్లేదు. కావాల్సినవి రెండు. ఒకటి డ్యుటీరియం, ఇది నీళ్లలోనే ఉంటుంది. ఇది మన రాష్ట్రానికి కొత్తదేమీ కాదు. గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారంలో తీసే భారజలంలో ఉన్నది ఈ డ్యుటీరియమే. రెండోది ట్రిటియం. ఇది ప్రకృతిలో దాదాపు దొరకదు. లిథియం నుంచి యంత్రంలోనే తయారు చేసుకోవాలి, ఆ పద్ధతి ఇంకా ఎవరూ పెద్ద ఎత్తున చేసి చూపలేదు.

ప్రమాదం విషయంలో తేడా నిజంగానే ఉంది. యురేనియం రియాక్టర్‌లో గొలుసు చర్య ఉంటుంది, అదుపు తప్పితే చెర్నోబిల్. ఫ్యూజన్‌లో గొలుసు చర్య లేదు. యంత్రం లోపల ఏ క్షణంలో చూసినా కొన్ని గ్రాముల ఇంధనమే ఉంటుంది. ఏది చెడిపోయినా ప్లాస్మా సెకన్లలో చల్లారిపోతుంది. గ్యాస్ పొయ్యి ఆగిపోయినట్టు ఆగిపోతుంది.

అయితే "ఏ వ్యర్థాలూ ఉండవు, పూర్తిగా శుద్ధం" అని చెప్పేవాళ్ల మాట కూడా నమ్మొద్దు. ట్రిటియం రేడియోధార్మిక పదార్థం, అది సగం కావడానికి పన్నెండేళ్లకు పైన పడుతుంది. నీళ్లలో తేలిగ్గా కలిసిపోతుంది కాబట్టి దాన్ని చాలా జాగ్రత్తగా కాపాడాలి. చర్య నుంచి వచ్చే న్యూట్రాన్లు తగిలి యంత్రం ఉక్కు కూడా రేడియోధార్మికమవుతుంది. యురేనియం వ్యర్థాల లాగా వేల ఏళ్లు కాదు, వంద ఏళ్ల లెక్కలో తగ్గిపోతుంది. ప్రమాదం తక్కువ, కానీ సున్నా కాదు. రేపెప్పుడైనా ఇలాంటి ప్లాంటు మన దేశంలో పెడతామంటే నీళ్లు ఎక్కడివి, వ్యర్థం ఎక్కడికి అని అడిగే హక్కు ఆ ఊరి జనానికి అప్పుడూ ఉంటుంది.

మరి ఆ తొమ్మిది పైసలకు ఏం మిగిలింది?

కరెంటు రాదు, తేదీలు జరుగుతున్నాయి, ఖర్చు పెరుగుతోంది. అలాంటప్పుడు ఎందుకు ఉండాలి? నా లెక్కలో దీనికి ఒకటే గట్టి సమాధానం ఉంది: హునర్.

ఐటర్ ఒప్పందం ప్రకారం తొమ్మిది శాతం పెట్టిన దేశానికైనా, నలభై అయిదు శాతం పెట్టినవాళ్లకైనా, అందులో పుట్టే పరిజ్ఞానంలో భాగం ఉంటుంది. ఒక్కరమే ఇలాంటి యంత్రం కట్టుకోవాలంటే మొత్తం రూపాయి మనమే పెట్టాలి. పైగా మన వాటా డబ్బులో ఎక్కువ భాగం మన దేశపు ఫ్యాక్టరీల్లోనే ఖర్చయింది. ఇంత పెద్ద వాక్యూమ్ పాత్రను లీకు లేకుండా అతికించడం, మైనస్ 269 డిగ్రీల హీలియంను పైపుల్లో నడపడం మనవాళ్లకు ఇప్పుడు చేతికి వచ్చిన పని. రాకెట్లకు, ఆస్పత్రి ఎంఆర్ఐ యంత్రాలకు, గ్యాస్ ట్యాంకర్లకు ఇదే విద్య కావాలి.

దీనికి హైదరాబాద్ ఉదాహరణ కూడా ఒకటుంది. పాతబస్తీ అంచున కంచన్‌బాగ్‌లో మిధాని ఉందని మనలో చాలామందికి తెలుసు. న్యూట్రాన్లు తగిలినా ఎక్కువ కాలం రేడియోధార్మికత పట్టని ప్రత్యేకమైన ఉక్కును ప్లాస్మా సంస్థ, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, మిధాని కలిసి తయారు చేశాయి. మామూలు ఉక్కులో వేసే మాలిబ్డినం, నయోబియం లాంటివి తీసేసి టంగ్‌స్టన్, టాంటలం వేశారు. ఫ్యూజన్ యంత్రంలో లిథియం నుంచి ట్రిటియం తీసే భాగం కోసం దీన్ని ఉద్దేశించారు. సంతోష్‌నగర్ నుంచి ఆటోలో పోయేంత దూరంలో సూర్యుడి యంత్రానికి ఉక్కు వండారంటే మన పిల్లలకు చెప్పుకోదగ్గ మాటే.

కానీ ఇక్కడే రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, కదరాష్‌లో పనిచేసే సిబ్బందిలో భారతీయుల సంఖ్య మన తొమ్మిది శాతం వాటా కంటే చాలా తక్కువ. ఐటర్ తన వార్షిక నివేదికల్లో ఇచ్చే లెక్కలే ఈ మాట చెబుతున్నాయి. సామాను పంపితే వాటా తీరుతుంది గానీ, యంత్రాన్ని నడపడం నేర్చుకోవాలంటే మనిషి అక్కడ ఉండాలి. ట్రాలీ చేసి అమ్మిన వెల్డరుకు ట్రాక్టర్ నడపడం దానంతట అది రాదు కదా. 2034 వచ్చేసరికి అక్కడి కంట్రోల్ రూములో మన యువకులు తగినంత మంది లేకపోతే ఈ ఒప్పందంలో మనకు దక్కాల్సిన అసలు లాభం పక్కవాళ్లకు పోతుంది.

రెండోది, నేర్చుకున్న పని చేతిలో ఆగాలంటే చేతికి పని ఉండాలి. క్రయోస్టాట్ పని ఐదారేళ్ల కిందే అయిపోయింది. దాన్ని అతికినవాళ్లు, పరీక్షించినవాళ్లు తర్వాత ఏ పనికి పోయారు? దేశంలో తర్వాతి ఫ్యూజన్ యంత్రం పని మొదలు కాకపోతే ఆ హునర్ మనుషులతో పాటే రిటైరవుతుంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో చిన్న అణు రియాక్టర్ల కోసం 20,000 కోట్ల రూపాయలతో మిషన్ ప్రకటించారు. అవి యురేనియం చీల్చే రియాక్టర్లు, ఫ్యూజన్ కాదు. ఫ్యూజన్‌కు ఐటర్ తర్వాత మన సొంత మెట్టు ఏమిటి, దానికి డబ్బు ఎంత, తేదీ ఎప్పుడు అన్నది ప్రభుత్వం ప్రజలకు స్పష్టంగా చెప్పాలి. ఐటర్ ఆలస్యం కంటే ఈ మౌనమే ఎక్కువ నష్టం.

ఉస్తాద్ ప్రశ్న: మన పొలగాళ్లకు పని ఉన్నదా?

ఉంది, అయితే తలుపు ఎక్కడుందో తెలియాలి. మన ఇళ్లల్లో పెద్దగా చర్చకు రాని సంగతి ఇదే. తాలీమ్ అంటే డాక్టర్, సాఫ్ట్‌వేర్, లేకపోతే గల్ఫ్ అని మూడు దారులే అనుకుంటాం. మన బిరాదరీలో వెల్డర్లు, లేతు మెషిన్ పనివాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి. ఫ్యూజన్ యంత్రానికి కావాల్సింది సగం ఆ చేతి పనే, దానికి చదువు తోడైతే చాలు.

అణుశక్తి శాఖలో చేరడానికి మెట్లు ఇలా ఉంటాయి. ఐటీఐ లేదా సైన్స్ గ్రూపుతో ఇంటర్ చదివినవాళ్లకు భాభా అణు పరిశోధన కేంద్రం స్టైపెండరీ ట్రైనీ రెండో కేటగిరీ ఉంది. డిప్లొమా లేదా బీఎస్సీ చదివినవాళ్లకు మొదటి కేటగిరీ. శిక్షణలోనే నెలకు స్టైపెండ్ ఇస్తారు. ఇంజినీరింగ్ లేదా ఎంఎస్సీ ఫిజిక్స్ చేసినవాళ్లు అదే సంస్థ ట్రైనింగ్ స్కూల్‌కు పరీక్ష రాయొచ్చు, గేట్ స్కోరు కూడా పనికొస్తుంది. ప్లాస్మా సంస్థలో పీహెచ్‌డీ చేయాలంటే జెస్ట్ అనే పరీక్ష ఒక దారి. ఇంటి దగ్గరే మొదలుపెట్టాలంటే హైదరాబాద్‌లో మిధాని, ఈసీఐఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. ప్రకటనలు వాటి సొంత వెబ్‌సైట్లలో వస్తాయి. మధ్యవర్తికి పైసా ఇవ్వాల్సిన పని లేదు, ఇస్తే మోసపోయినట్టే.

మన రాష్ట్రంలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇప్పుడు 200 దాటాయి. వాటిల్లో సైన్స్ చదివే ఆడపిల్లలు, మగపిల్లలు వేలల్లో ఉన్నారు. ఆ పిల్లల్లో ఎంతమందికి జెస్ట్ అనే పేరు తెలుసు? టీచర్లు ఏడాదికి ఒక్కరోజైనా ఈ దారుల గురించి చెబితే, మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు నోటిఫికేషన్ వచ్చినప్పుడు వాట్సాప్‌లో పండుగ ముబారక్‌లతో పాటు దాన్నీ పంపితే, ఖర్చేమీ కాదు.

ఆ సాయంత్రం మా అన్న కొడుక్కి ఇదంతా చెప్పలేదు. కరెంటు బిల్లు ఎప్పటిలాగే వస్తుందని మాత్రం చెప్పాను. తర్వాత ఫోనులో క్రయోస్టాట్ ఫొటో తీసి చూపించాను. వాడు దాన్ని పెద్దగా చేసి అతుకులు ఉన్న చోట చూశాడు. "చాచా, గింత పొడుగు అతుకు ఒక్కసారి పెడితే గుంజుక పోతది గదా. ఎట్ల ఆపిన్రు?" అన్నాడు. ఉస్తాద్ కూడా కళ్లద్దం తీసి దగ్గరికి వచ్చాడు. ముక్కలు ముక్కలుగా, ఇటొకటి అటొకటి పెట్టుకుంటూ పోవాలని వాడికి చెప్పడం మొదలుపెట్టాడు. నా చాయ్ చల్లారిపోయింది.